సైలెన్స్ మేడం ఐదో అధ్యాయం

కాలేజీ లైబ్రరీలో ఆవిడకి అసలు పేరంటూ ఒకటుందని జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ ఆవిడ సైలెన్స్ మేడం. పందొమ్మిదేళ్ళుగా అదే కుర్చీ, అదే బల్ల, అదే చెక్క స్కేలు. ఎక్కడైనా గుసగుస వినపడితే చాలు, స్కేలుతో బల్ల మీద రెండు దెబ్బలు, "సైలెన్స్!" అని ఒక కేక. ఆ హాలు మొత్తంలో ఎక్కువ చప్పుడు చేసేది ఆవిడేనని పిల్లలు వెనకాల నవ్వుకునేవారు. ఆవిడకీ తెలుసు. నవ్వుకోనీ, నాకేం పోయింది అనుకునేది.

అలాంటి మనిషికి ముప్ఫై తొమ్మిదో ఏట ఏ పురుగు కుట్టిందో, పరిశోధన చేస్తానని పేరు నమోదు చేయించుకుంది. 'కోటతలుపు' అనే పాత విషాద నాటకం, దాని రంగస్థల ప్రదర్శనలు, సినిమా రూపాలు, ఇదీ విషయం. డిగ్రీ వస్తే ఆ కుర్చీలోంచి లేచి, క్లాసు గదిలో నిలబడి పాఠం చెప్పొచ్చు. పుస్తకాలు అందించీ అందించీ విసుగెత్తిపోయింది పాపం. ఆ పుస్తకాల్లో ఏముందో ఒక్కసారైనా తను మాట్లాడాలి, ఎదుటివాళ్ళు నోరుమూసుకుని వినాలి. అంతే ఆవిడ కోరిక.

దానికి ఏడేళ్ళ గడువు ఇచ్చారు. చూస్తూ చూస్తూ ఆ గడువు ఈ నెలాఖరుకి వచ్చి కూర్చుంది. ఆ లోపల వైవా పూర్తయిందా సరే, లేదా ఏడేళ్ళ చాకిరీ చెత్తబుట్టలోకి. నాలుగు అధ్యాయాలకి గైడు గారు సంతకం పెట్టేశారు. ఐదో అధ్యాయం దగ్గర మాత్రం ససేమిరా అన్నారు.

గొడవంతా నాటకం ఆఖరి మాట గురించి. కథ తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. శత్రువులు కోటని ముట్టడించారు. రాణి కొడుకు వాళ్ళకి దొరికిపోయాడు. వాణ్ణి ముందు నిలబెట్టి, "అమ్మా, తలుపు తియ్యి" అని పిలిపిస్తున్నారు. తీస్తే ఊరంతా బూడిద. తీయకపోతే బిడ్డ దక్కడు. మంత్రి అడుగుతాడు, "బయట ఆ గొంతు ఎవరిది, మహారాణీ?" అని. ఆవిడ అంటుంది, "ఎవరిదీ కాదు. తలుపు తీయకండి." తెర పడిపోతుంది.

పుస్తకంలో ఉన్నది ఇది. కానీ నలభై ఏళ్ళ కిందట ఒక పెద్ద నాటక సంస్థ దీన్ని ఆడినప్పుడు, ఆ ఆఖరి మాట రాణి అనలేదు. రాణి నోరు కదలకుండానే, తెరవెనక నుంచి ఎవరిదో మగగొంతు వినిపించింది. పత్రికలవాళ్ళు ఆహా ఓహో అన్నారు. విధి మాట్లాడిందన్నారు. అక్కణ్ణించి అదే ఆచారమైపోయింది. నలుపు తెలుపు సినిమాలో ఆ గొంతు మబ్బుల్లోంచి వచ్చింది. టీవీ సీరియల్లో గోడ మీద చచ్చిపోయిన రాజుగారి పటంలోంచి వచ్చింది. మొన్నమొన్నటి రంగుల సినిమాలో అయితే ఎనిమిది దిక్కుల నుంచి ప్రతిధ్వనిస్తూ చెవులు గింగురుమనేలా వచ్చింది. ఆ గొంతు మీద 'విధి గొంతు' అని రెండొందల నలభై పేజీల పుస్తకం రాసి పెద్దమనిషి అయినవాడు సాక్షాత్తూ మన గైడు గారే.

సైలెన్స్ మేడం ఐదో అధ్యాయంలో ఏం రాసిందంటే, అది విధీ కాదు పాడూ కాదు, నటి మాట మర్చిపోతే ప్రాంప్టర్ అందించాడు, అది కాస్తా హాలంతా వినపడిపోయింది అని.

గైడు గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. "ఏవమ్మా, ఇంత గొప్ప ముగింపుని పట్టుకుని, తెరచాటున ఎవడో నోరుజారాడంటావా? ఆధారం ఏదీ?"

"మా అమ్మ చెప్పింది సార్. ఆ ప్రాంప్టర్ మా నాన్నే."

"మీ అమ్మగారు ఏ పేజీలో చెప్పారు?"

అమ్మ పోయి పదేళ్ళయింది, ఇంక పేజీ ఎక్కణ్ణుంచి తేను అని నోటిదాకా వచ్చింది. మింగేసింది.

"పోనీ మీ నాన్నగారున్నారుగా, ఆయన చేత ఒక కాగితం రాయించి తీసుకురా" అన్నారు ఆయన, పెద్ద మేలు చేస్తున్నట్టు. "లేదంటే నా పుస్తకంలో ఉన్నట్టు రాసెయ్. రేపే సంతకం పెడతాను."

అక్కడే వచ్చింది చిక్కు. నాన్న చేత కాగితం రాయించడమా! ఆ తండ్రి సంగతి కొంచెం చెప్పుకోవాలి.

ఆయన ముప్ఫై మూడేళ్ళు ప్రాంప్టర్ పని చేశాడు. రంగస్థలం పక్కన తెరచాటున, మోకాళ్ళ ఎత్తు స్టూలు మీద, చిన్న దీపం కింద నాటకం ప్రతి పెట్టుకుని, నటులు తడబడితే మాట అందించడం. నటుడికి వినపడాలి, మొదటి వరసలో కూర్చున్నవాడికి వినపడకూడదు. అదే ఆ పని పరువు. అలా గుసగుసలాడీ గుసగుసలాడీ ఆయనకి ఇంట్లోనూ గొంతు పెగల్లేదు. "మీ నాన్న ఇంట్లో దొంగలు పడ్డా గుసగుసగానే అరుస్తాడే" అనేది అమ్మ. కూతురు పుట్టిందేమో కంచుగొంతుతో. దేవుడు లెక్క సరిచేశాడని చుట్టాలు వేళాకోళం చేసేవారు.

పని మానేసి పదిహేనేళ్ళయినా అలవాటు మాత్రం పోలేదు. ఎదుటివాడు మాట మధ్యలో ఆగితే చాలు, ఆయన లెక్కపెట్టుకుంటాడు. ఒక ఊపిరి, రెండు, మూడు. మూడో ఊపిరికి మాట అందించేస్తాడు. కొట్టువాడు "మీకు రావలసింది..." అని ఆగితే "చిల్లర" అంటాడు. డాక్టరు "మీకు ఉన్నది..." అని ఆలోచిస్తే "ఆయాసం" అంటాడు. గడియారాలు బాగుచేసే అల్లుడు భార్య మీద కోపం వచ్చి "అసలు నువ్వొక..." అని ఆగిన రోజున మావగారు ఏం అందించారో ఇక్కడ రాయను గానీ, అల్లుడు మూడు రోజులు మొహం చాటేశాడు.

"నాన్నా, నీకు పుణ్యముంటుంది, నా మాట నన్ను వెతుక్కోనివ్వు!" అని కూతురు ఎన్నిసార్లు నెత్తీ నోరూ కొట్టుకుందో లెక్కలేదు.

ప్రపంచంలో అందరి మాటలూ అందించే మనిషి, తన మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం నోటికి తాళం వేసుకునేవాడు. ఏడేళ్ళలో ఆవిడ కనీసం వందసార్లు అడిగి ఉంటుంది.

"నాన్నా, ఆ రోజు ఆవిడ మాట మర్చిపోయింది కదా?"

"లేదు."

"మరి అమ్మ అలా చెప్పిందేం?"

"మీ అమ్మ ఆ రోజు హాల్లో లేదు."

"అయితే ఏం జరిగింది?"

"ఏం లేదు. ఆవిడ మర్చిపోలేదు."

ఇంతే! గోడకి చెప్పుకుంటే గోడైనా కాస్త పెచ్చు రాల్చును. చనిపోయిన నటి పరువు కాపాడ్డానికి కన్నకూతురి డిగ్రీ గంగలో కలిపేస్తున్నాడని ఆవిడ లోలోపల ఉడికిపోయేది.

దానికి తోడు నీళ్ళ గోల ఒకటి. సినిమాలూ సీరియల్లూ ఇంట్లో కూర్చుని చూస్తూ, ఆపి ఆపి కాగితం మీద రాసుకునేది ఆవిడ. నాన్న పక్కనే కూర్చుని శ్రద్ధగా చూసేవాడు. దుస్తులు బాలేవనేవాడు, మంత్రికి నడక రాదనేవాడు. సరిగ్గా మంత్రి "ఆ గొంతు ఎవరిది" అనబోయే ముందు లేచి, "ఉండు, నీళ్ళు తాగొస్తా" అని వంటింట్లోకి వెళ్ళిపోయేవాడు. తెర పడ్డాక వచ్చి కూర్చునేవాడు. ఏడేళ్ళు! ఒక్కసారి కూడా గురి తప్పలేదు.

గైడు గారు కాగితం అడిగిన ఆ వారమే, ఆదివారం పొద్దున, ఆవిడ నీళ్ళ బిందె తెచ్చి ఒళ్ళో పెట్టుకుని వంటింటి గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. కొత్త సినిమా ఆఖరి ఘట్టం పెట్టింది. మంత్రి నోరు తెరవబోయాడు. నాన్న లేచాడు. గుమ్మం దగ్గరికి వచ్చాడు. బిందె చూశాడు, కూతురి మొహం చూశాడు.

"దాహం" అన్నాడు.

"తరవాత తాగుదువు గాని. కూర్చో."

"లే అమ్మడూ."

"లేవను. చచ్చినా లేవను. ఇరవై మూడు రోజులుంది నాకు. కూర్చుని విను!"

ఈ పెనుగులాటలో టీవీలో మంత్రి అడగనే అడిగాడు. ఎనిమిది దిక్కుల నుంచీ ఆ గొంతు దద్దరిల్లింది. ఎవరిదీ కాదు... కాదు... కాదు... తలుపు తీయకండి... కండి... కండి...

నాన్న గోడకి చెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు. కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి.

"నేను అంత గట్టిగా అనలేదు" అన్నాడు.

ఆవిడ బిందె పక్కన పెట్టేసి లేచి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టి, గ్లాసుతో నీళ్ళిచ్చింది. తాగాడు. ఆ తరవాత ఆ గుసగుస గొంతుతోనే చెప్పుకొచ్చాడు.

"మొదటి ఆట. హాలు నిండిపోయింది. మంత్రి అడిగాడు. ఆవిడ మాట్లాడలేదు. ఒక ఊపిరి. రెండు. మూడు. మూడింటికి అందించాను, చిన్నగా. ఆవిడ కదల్లేదు. వినపడలేదేమో అనుకున్నాను. నాలుగో ఊపిరికి కొంచెం పెంచాను. హాలు అంత నిశ్శబ్దంగా ఉందని నాకు తెలియలేదమ్మడూ. చివరి వరస దాకా వెళ్ళిపోయింది. తెర లాగేవాడు మాట వినపడింది కదా అని తెర వేసేశాడు."

"అదే కదా నాన్నా నేను రాసింది! మర్చిపోయింది, నువ్వు..."

"మర్చిపోలేదే!" అన్నాడు, ఆయన జీవితంలో అంత గట్టిగా కూతురితో ఎప్పుడూ అనలేదు. "వేషం తీసేసే గదికి పరిగెత్తాను. ఆవిడ కిరీటం విప్పుకుంటూ, మర్చిపోలేదన్నయ్యా, ఆగాను అంది. కన్నతల్లి కదా, ఎవరిదీ కాదు అనే మాట అంత తొందరగా నోట్లోంచి ఎలా వస్తుందన్నయ్యా అంది. నెల రోజులు అద్దం ముందు కూర్చుని ఆ ఆగడం నేర్చుకుందిట. ఇంకొక్క ఊపిరి ఆగి అందామనుకుందిట. ముప్ఫై మంది నటుల ఊపిరి విని బతికినవాణ్ణి, ఆ ఒక్క ఊపిరి తెలుసుకోలేకపోయాను."

"మరి రెండో ఆట నుంచి ఆవిడే అనొచ్చుగా?"

"పత్రికల్లో అలా రాశాక మేనేజరు వదులుతాడా? ఇదే ఉంచండి అన్నాడు. రెండొందల పదకొండు ఆటలు ఆవిడ నోరు మూసుకుని నిలబడింది, నేను గట్టిగా అన్నాను. ఒక్కరోజు నన్ను పల్లెత్తు మాట అనలేదు. పోనీలే అన్నయ్యా అనేది. ఆ మాట ఆవిడది. నేను తినేశాను."

మంచం కిందనుంచి రేకుపెట్టె లాగి, గుడ్డలో చుట్టిన నాటకం ప్రతి తీశాడు. అంచులు నలిగి, నూనె మరకలు పడిన కట్ట. ఆఖరి పేజీలో, ఆఖరి మాట పక్కన, ఎర్ర పెన్సిలుతో మొదటి ఆట తేదీ వేసి ఉంది. దాని కింద చిన్న అక్షరాలు: నాలుగో ఊపిరి. ఆవిడ ఆగింది. తప్పు నాది.

సైలెన్స్ మేడానికి ఒక పక్క ఏడుపు, ఒక పక్క ఒళ్ళు మంట. ఏడేళ్ళుగా ఆ నటి మర్చిపోయిందా అని తను అడుగుతూనే ఉంది, మర్చిపోలేదని ఆయన నిజమే చెప్తూనే ఉన్నాడు. అబద్ధమని కొట్టిపారేసింది తనే. ఎవరి మీద అరవాలో తెలియక బిందె మీద అరిచింది.

"రాసుకో" అన్నాడు నాన్న. "ఆవిడ ఆగిందని రాయి, లోకానికి తెలియాలి. నా పేరు మాత్రం వద్దు. గొంతు బయటికి వినపడ్డ ప్రాంప్టర్ అంటే మాలో తలెత్తుకు తిరగలేడు. మాటివ్వు."

ఇచ్చింది. ఇవ్వక ఏం చేస్తుంది?

తొమ్మిది రోజుల్లో అధ్యాయం అంతా తిరగరాసింది. పొద్దున నాలుగింటికి లేవడం, లైబ్రరీలో బల్ల చాటున రాయడం. ఆ తొమ్మిది రోజులూ లైబ్రరీలో పిల్లలు పెళ్ళివారిల్లులా గోల చేసినా స్కేలు లేవలేదు. రెండు సినిమాలూ, సీరియలూ పక్కపక్కన పెట్టి, అన్నిట్లోనూ ఆ గొంతు ఎంత తొందరగా వచ్చి పడుతోందో చూపించింది. ఎవ్వరూ రాణిని ఆగనివ్వలేదు. ఒక పొరపాటుని అందరూ కళ చేసుకుని, అసలు కళని పోగొట్టుకున్నారని రాసింది. ఎర్ర పెన్సిలు పేజీ నకలు జత చేసి, దాని అడుగున నాన్న పేరు ఉండాల్సినచోట 'ఒక రంగస్థల కార్మికుడు' అని పెట్టింది.

గైడు గారు చదివి, మింగలేక కక్కలేక, "ఎక్స్‌టర్నల్ ఏమంటారో నువ్వే పడు" అని సంతకం పడేశారు. వైవా నెలాఖరుకి ముందు రోజు పడింది.

"నేనూ వస్తా" అన్నాడు నాన్న.

"ఎందుకు?"

"వెనక కూర్చుంటా. నోరు మెదపను."

"నాన్నా, నేను ఎక్కడైనా ఆగినప్పుడు మాట అందించావా, అక్కడే పరువు తీస్తాను. ముందే చెప్తున్నా."

సెమినార్ గదిలో పొడుగాటి బల్ల. ఒక పక్క సైలెన్స్ మేడం, ఆవిడ కుడివైపు గైడు గారు, ఎదురుగా పరీక్షించడానికి బయటి యూనివర్సిటీ నుంచి వచ్చిన ఎక్స్‌టర్నల్. ఆవిడ తల నెరిసిన ప్రొఫెసరు, మొహంలో ఏ భావమూ కనపడనిచ్చే రకం కాదు. వెనక వరస కుర్చీల్లో నాన్న, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని, నలుగురు విద్యార్థుల పక్కన.

నాలుగు అధ్యాయాలు నల్లేరు మీద బండిలా సాగిపోయాయి. ఐదోది తెరిచి ప్రొఫెసరు ఎర్ర పెన్సిలు పేజీ ముందుకు లాక్కున్నారు.

"ఇదే మీ ఆధారం. అవునా?"

"అవును మేడం."

"చాలా గట్టి వాదన. కానీ పేరూ ఊరూ లేని మనిషి రాసుకున్న రెండు ముక్కలు నేను ఆధారంగా ఒప్పుకోలేను. ఎవరైనా రాసి ఉండొచ్చు. మీరే రాసి ఉండొచ్చు. ఈ అధ్యాయం నిలబడకపోతే థీసిస్ నిలబడదు, అది మీకూ తెలుసు." పేజీ మీద వేలు పెట్టి అడిగారు. "ఈ చేతిరాత ఎవరిది?"

సైలెన్స్ మేడం నోరు తెరిచింది. మాట రాలేదు. మాటిచ్చింది కదా. ఎవరిదో తెలియదు అనాలి. అంటే ఏడేళ్ళూ పోయినట్టే. అంతకంటే ఘోరం, వెనక ఆయన కూర్చుని ఉండగా, తను పుట్టినప్పటినుంచీ చూస్తున్న ఆ గుండ్రటి చిన్న అక్షరాలని పట్టుకుని, ఎవరిదీ కాదు అనాలి.

గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒక ఊపిరి. రెండు. మూడు.  ఇప్పుడు అందిస్తాడు, ఈ మనిషి ఆగలేడు, ఇప్పుడు అందించేస్తాడు అనుకుంది. వెనకనుంచి ఏమీ రాలేదు. నాలుగు.

చివరికి ఆగలేకపోయినది గైడు గారే. "అంటే మేడం, ఆవిడ ఉద్దేశం ఏమిటంటే..."

"ఉండండి సార్!"

గది అదిరింది. అందరూ వెనక్కి తిరిగారు. ముసలాయన లేచి నిలబడి ఉన్నాడు. ఎర్రబడ్డ మొహం, పైకెత్తిన చెయ్యి.

"ఆవిడ మర్చిపోలేదు" అన్నాడు, చివరి వరస దాకా వినపడే గొంతుతో. ఉన్నదే చివరి వరసలో అయినా సరే. "ఆగింది. ఆగనివ్వండి."

గైడు గారు నోరు మూసుకున్నారు. ప్రొఫెసరు కళ్ళజోడు సర్దుకుని ఒకసారి ఆ ముసలాయన్ని, ఒకసారి ఎర్ర పెన్సిలు పేజీని చూశారు.  కలం కింద పెట్టేసి, సైలెన్స్ మేడం వైపు తిరిగి, చేతులు కట్టుకుని ఎదురు చూస్తూ కూర్చున్నారు. ఐదో ఊపిరి కూడా అయ్యాక ఆవిడ తల తిప్పి తండ్రి వైపు చూసింది. ఆయన ఇంకా నిలబడే ఉన్నాడు. పెదాలు గట్టిగా బిగించి, తల ఒక్కసారి కిందికి వంచాడు.

"మా నాన్నదండీ" అంది. ఆ కంచుగొంతు అప్పుడు గుసగుసగా వచ్చింది. అయినా అందరికీ వినపడింది.

ప్రొఫెసరు పేజీ అడుగున 'ఒక రంగస్థల కార్మికుడు' అన్నది కొట్టేసి, అడిగి మరీ పూర్తి పేరు రాయించుకుని, థీసిస్ మీద సంతకం పెట్టారు.

మెట్లు దిగుతుంటే నాన్న మోచెయ్యి పట్టుకుని నడిచింది సైలెన్స్ మేడం. నడుస్తూనే దులిపేసింది. నోరు మెదపనని మాటిచ్చి అలా అరుస్తావా అంది. ఈ ముక్క ఏడేళ్ళ కిందట చెప్పి ఉంటే నా జుట్టు ఇంత నెరిసేదా అంది. ఆయన అన్నీ విన్నాడు.

"అసలు నాన్నా, నువ్వు..." అని, ఆవిడ మధ్యలో ఆగిపోయింది.

ఆయన మెట్టు మీద నిలబడిపోయాడు. అలవాటుగా పెదాలు కదిలాయి. మళ్ళీ మూసేసుకుని, కూతురు కళ్ళు తుడుచుకునేదాకా అక్కడే నిలబడ్డాడు.